కొత్త రెక్క, జీడిపల్లి కాడ

గాలిమర రెక్కకు పగులొస్తే
తాడు కట్టుకొని దిగి అతికేది నా పని.
బెళుగుప్ప గుట్ట మీద, ఎనభై మీటర్ల ఎత్తున
ఇసుకకాగితంతో అంచు రుద్దుతా ఉంటే
కింద చెనిక్కాయ చేన్లు
అతుకులేసిన దుప్పటి మాదిరి కనపడతాయి.
రెక్క అంటే నాకు దేవుడి సంగతి కాదు, పక్షి సంగతీ కాదు.
పైపక్క ఉబ్బు, కిందపక్క చదును,
ముందర గుండ్రం, వెనక కత్తివాదర.
అంతే.

అదే ఆకారాన్ని నీళ్లలో పెడితే ఏమైతాదని
ఆర్నెల్లు సరిగ్గా నిద్రపట్టలేదు.

మిగిలిపోయిన ఫైబరు గుడ్డ, డబ్బా అడుగున రెజిను,
థర్మకోలు కడుపులో పెట్టి అతికిన పలక,
హొన్నూరప్ప వెల్డింగ్ షాపులో కోసిన అల్యూమినియం కంబం.
పోయినేడు చేసిన మొదటి రెక్క సొరకాయంత లావు.
లేచేది, కాదనను,
ఎనుము లేచినట్టు లేచేది:
ముందు వెనక్కాళ్లు, తరువాత విసుగు, ఆఖరికి మోకాళ్లు.
ఇప్పటిది సన్నం. రెండు మూరల పొడవు,
జానెడు వెడల్పు కూడా లేదు.
గోడకానిచ్చి పెడితే చూసి మా చెల్లెలు లాలెమ్మ అడిగింది,
"ఇది యా మిషనుకు ఊడిపోయిందన్నా?"

ఆదివారం, తెల్లవారి ఆరు.
జీడిపల్లి నిండుగా ఉండాది.
కృష్ణ నీళ్లు,
ఎన్ని పంపులెక్కినాయో, ఎన్ని గుట్టలు దాటినాయో.
నీళ్లే ఇంత ఎత్తు ఎక్కి వచ్చినప్పుడు
మనిషి మూడడుగులు లేస్తే తప్పేముంది?

సముద్రం ఇక్కడికి రాదు.
అల కావాలంటే ఎర్రిస్వామి పడవను అడగల్ల.
"డీజిలు నీది, అల నాది" అన్నాడు,
వలలు ఒడ్డున పడేసి.

మొదటిసారి తాడు లాగింది,
పలక నీళ్ల మీద చప్పట్లు కొట్టింది,
అంతలోకే రెక్క నన్ను అడక్కుండానే లేపింది.
లేపి, ఇంకా లేపి,
నీళ్లపైకొచ్చి గుటుక్కున గాలి మింగి
వదిలేసింది.
రెండోసారీ అంతే. ముక్కులోకి కృష్ణ.
"ఏమప్పా, చేపల్ని బెదరగొట్టేకి వచ్చినావా?"

ఒడ్డుకొచ్చి బోల్టులు విప్పి
కంబాన్ని రెండు వేళ్లంత వెనక్కి జరిపినా.
రెండు వేళ్లే. ఆర్నెల్ల లెక్క అక్కడుండాది.

మూడోసారి
ముందరి కాలి మీద బరువు మోపి, ఊపిరి బిగబట్టి…
చప్పుడు ఆగిపోయింది.
పలక కింద తడి లేదు, దడ లేదు.
నీళ్లు తగులుతా ఉన్నాయన్న కబురే కాళ్లకు అందలేదు.
తాడు వదిలేసినా.
పడవ వెనక లేచిన అల
మోకాటెత్తు కూడా లేదు, నురగ లేదు,
ఒట్టి వంపు.
ఆ వంపు మీద జారుకుంటా పోతా ఉన్నా.
కింద కనపడకుండా
నేను రుద్దిన అంచు దాని పని అది చేసుకుంటా ఉంది.
సన్నగా ఈల కూడా.
గాలిమర కాడ ఆ ఈల వినపడితే
తప్పు కింద రిజిస్టర్లో రాయల్ల.
ఇక్కడ రాసేవాళ్లు లేరు.
కుడిచేతి పక్క ఒక నీటికాకి
నాతోపాటే, నా ఎత్తునే,
ఒకసారి తల తిప్పి చూసింది.

ఎర్రిస్వామి లెక్కపెట్టినాడంట, పదిహేడు దాకా.
పద్దెనిమిది అనేలోపల
మునిగిన తుమ్మ కొన ఒకటి తగిలింది.
ఆకాశం, నీళ్లు, మళ్లీ ఆకాశం.

రెక్క కొసన గోరంత పెచ్చు ఊడింది.
ఒడ్డున కూర్చొని దాన్ని బొటనవేలితో తడుముతా ఉంటే
ఎర్రిస్వామి బీడీ ఆర్పి అడిగినాడు,
"నడుములోతు నీళ్లుంటే చాలునా దీనికి?"
చాలు అన్నా.
"అయితే ఎండాకాలంలో కూడా ఎగరొచ్చులే" అన్నాడు,
నాకంటే ముందు తనకే చెప్పుకున్నట్టు.

సోమవారం మళ్లీ తాడు కట్టుకొని ఎక్కినా.
ఎండ సూటిగా పడినప్పుడు
పై నుంచి జీడిపల్లి నీళ్ల కింద
తుమ్మచెట్లు నల్ల మచ్చలుగా తేలతాయి.
ఇన్నేళ్లు ఎక్కినా
ఎప్పుడూ అటు చూడలేదు.
ఇసుకకాగితం వెనకపక్క పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటా ఉన్నా.
పదకొండు.
పన్నెండోది చెట్టో,
ఈ రెక్క నీడో,
తేలేదాకా దిగను.